పాత సైకిలు, బందరు రోడ్డు

అమ్మాయి: స్కూటీ కొనాలంటే దగ్గర దగ్గర లక్ష. చేతిలో అంత లేదు, కిస్తీ కట్టాలి. జీతంలో కిస్తీ పోగా, పెట్రోలు పోగా మిగిలేది చూస్తే భయమేస్తుంది. పాత లేడీస్ సైకిలు 2,500 చెబుతున్నారు, బేరమాడితే ఇంకా దిగుతారు. పటమట నుంచి గవర్నరుపేట నాలుగైదు కిలోమీటర్లు. నిదానంగా తొక్కినా అరగంట పట్టదు. ఇందులో వద్దనడానికి ఏముంది బాబాయ్?

బాబాయి: నువ్వు ధర దగ్గర మొదలుపెట్టావు కాబట్టి నేనూ అక్కడే మొదలుపెడతానమ్మా. 2,500 అనేది సైకిలు ఇంటికి రావడానికయ్యే ఖర్చు. రోడ్డెక్కడానికయ్యేది వేరు. మూలన పడున్న సైకిలుకి టైర్లు పక్కల పగిలి ఉంటాయి. ట్యూబు మడతల దగ్గర చివికి ఉంటుంది. చెయిన్ సాగి ఉంటుంది. చెయిన్ ఒక్కటే మారిస్తే చాలదు, అరిగిన ఫ్రీవీలు పళ్ల మీద కొత్త చెయిన్ ఎగిరి జారుతుంది, అదీ మార్చాలి. బ్రేకు రబ్బర్లు రాయిలా గట్టిపడి ఉంటాయి. ఇవన్నీ వేయించి ఓవరాయిలింగ్ చేయిస్తే ఇంకో రెండు వేల పైమాటే. పైగా 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది. సాదాసీదా కొత్త సైకిలు ఆరేడు వేలకి వస్తుంది. ఆ కాస్త తేడా కోసం ఎవరో తొక్కి వదిలేసినదాన్ని ఎందుకు తెచ్చుకోవడం?

అమ్మాయి: ఆ కాస్త తేడా నాకు కాస్త కాదు. మరమ్మతు డబ్బంతా ఒక్కరోజున పెట్టాల్సిన పనీ లేదు. ఈ నెల టైర్లూ బ్రేకులూ, పై నెల చెయిన్. కొత్తదానికైతే ఆరేడు వేలూ ఒకేసారి లెక్కపెట్టి ఇవ్వాలి. ఇంకో సంగతి చూడు. కొత్త సైకిలు షాపు మెట్లు దిగిన మర్నాడు అమ్మబోతే ధర తెగ్గోసి అడుగుతారు. పాతదాన్ని రెండేళ్లు తొక్కి అమ్మినా కొన్న ధరకి అటూఇటూగా పోతుంది, తగ్గాల్సింది ఎప్పుడో తగ్గిపోయింది కాబట్టి. నష్టం మొదట కొన్నవాళ్లు భరించేశారు.

బాబాయి: అది మంచి సైకిలైతే ఒప్పుకుంటాను. మంచిదో కాదో నీకెలా తెలుస్తుంది? 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్, పాయకాపురం మునిగాయి. ఆ నీళ్లలో రోజుల తరబడి నానిన సైకిళ్లు ఎన్నో. వాటిలో కొన్ని రంగు పూసుకుని ఇవాళ అమ్మకానికి రాలేదని ఎవరు చెప్పగలరు? పైకి నిగనిగలాడుతుంది, లోపల ఇరుసు గిన్నెల్ని తుప్పు తింటూ ఉంటుంది. స్కూటరుకైతే ఆర్సీ ఉంటుంది, ఏ సంవత్సరంలో తయారైందో, ఎందరి చేతులు మారిందో తెలుస్తుంది. సైకిలుకి అలాంటి కాగితమేదీ ఉండదు.

అమ్మాయి: కాగితం మీద లేకపోవచ్చు, సైకిలు ఒంటి మీద అంతా ఉంటుంది. చూడటం తెలిస్తే చాలు. ముందు సైకిలుని తలకిందులుగా నిలబెట్టించాలి. చక్రం తిప్పి, ఫోర్కు కాడకీ రిమ్ముకీ మధ్య సందు మీద కన్నుంచాలి. సందు ఒకచోట మూసుకుపోయి మరోచోట తెరుచుకుంటుంటే రిమ్ము ఔటయింది. కొద్దిగా అయితే పుల్లలు బిగించి సరిచేస్తారు. అలా కాకుండా రిమ్ము ఒక్కచోటే సొట్టపడి ఉంటే అది గోతిలో పడ్డ దెబ్బ, బాగవ్వదు. పుల్లల్ని రెండేసి చొప్పున పట్టుకుని నొక్కాలి. ఒకటి వదులైతే దాని బరువు పక్కవాటి మీద పడి అవి తెగుతాయి. తర్వాత చక్రాన్ని పక్కలకి ఊపాలి. టక్కుమంటే కోను వదులు, బిగిస్తే పోతుంది. తిరిగేటప్పుడు ఇసుక నలిగినట్టు చప్పుడొస్తే గుండ్లు పోయాయి. అప్పుడు క్రాంకు. పెడలు కాదు, క్రాంకునే పట్టుకుని లోపలికీ బయటికీ లాగి చూడాలి. రెండు క్రాంకులూ కలిసి ఊగితే మధ్య ఇరుసు వదులైంది. ఒక్కటే ఊగితే కాటర్ పిన్ను అరిగింది, అది కొద్ది రూపాయల పని. అన్నిటికన్నా ముఖ్యంగా, హ్యాండిలు కింద పైపులు వచ్చి కలిసేచోట అడుగువైపు వేలితో తడమాలి. అక్కడ రంగు ముడతపడినా, వెంట్రుక సన్నం చీలిక తగిలినా ఆ సైకిలు ఎప్పుడో దేన్నో ఎదురుగా గుద్దింది. దాన్ని ఊరికే ఇచ్చినా తీసుకోకూడదు. ఇదంతా పావుగంట పని. సెకండ్ హ్యాండ్ స్కూటరు ఇంజను లోపల ఏముందో తెలుసుకోవడానికి ఏ పావుగంట సరిపోతుంది?

బాబాయి: ఇంకోటి కలుపుకో. సీటు కింద గొట్టాన్ని వదులు చేయించి పూర్తిగా పైకి లాగించు. దాని అడుగున ఎర్రటి తుప్పు పేరుకుని ఉంటే చట్రం లోపల నీళ్లు నిలిచాయన్నమాట. వరద సైకిలు అక్కడ దొరికిపోతుంది. అసలు ఆ గొట్టం ఎంత లాగినా రాకపోతే, కొనకు.

అమ్మాయి: చూశావా, నువ్వే చెబుతున్నావు. తనిఖీ చేయలేనిదంటూ సైకిల్లో ఏదీ లేదు. వరద మాట ఎత్తావు కాబట్టి అదే చూద్దాం. నీళ్లు తీశాక మోటారు బళ్లు షెడ్ల ముందు బారులు తీరాయి. ఇంజన్లోకి నీళ్లు పోయిన బండి బాగుకి వేలల్లో అడిగారు. సైకిలైతే విప్పి, కిరసనాయిలుతో కడిగి, గుండ్లు మార్చి, గ్రీజు పెడితే ఒక్క పూటలో మళ్లీ నడుస్తుంది.

బాబాయి: వెంటనే కడిగితే. వరదలో కొంప మునిగినవాడికి ముందు సైకిలు కడగాలని తోస్తుందా? సరే, ఆ మాట వదిలేద్దాం. సైకిలు బాగుచేసుకోవడం తేలికే. బాగుచేసేవాడు ఎక్కడున్నాడు? నా కాలంలో సందుకో సైకిలు షాపు. గంటకింతని అద్దె సైకిళ్లు, మడ్‌గార్డుల మీద తెల్ల రంగుతో నంబర్లు. ఇప్పుడు ఆ షాపుల్లో చాలావాటిలో మోటారు బళ్లకి పంక్చర్లు వేస్తున్నారు. పుల్లలు అల్లి చక్రం కట్టగలవాడు అరవై దాటి ఉంటాడు. అతని కొడుకు ఆ పని నేర్చుకోలేదు, నేర్చుకోకపోవడం అతని తప్పూ కాదు. 1951లో సోనీపత్‌లో మొదలైన అట్లాస్ కంపెనీ సాహిబాబాద్ ఫ్యాక్టరీ 2020 జూన్ 3న మూతపడింది, సరిగ్గా ప్రపంచ సైకిల్ దినోత్సవం నాడు. వెనక కంపెనీలే కనుమరుగవుతుంటే నువ్వు ఆ బండిని నమ్ముకుంటానంటున్నావు.

అమ్మాయి: ఫ్యాక్టరీ మూతపడ్డా అట్లాస్ సైకిలు ఆగలేదు కదా. పాత నల్ల సైకిలు గొప్పదనమే అది. హీరో, అట్లాస్, హెర్క్యులిస్, ఏవన్, పేరు ఏదైనా టైరు అదే 28 అంగుళాలది, చెయిన్ అదే, కాటర్ పిన్ను అదే. లూథియానాలో తయారైన ఏ సామానైనా పడుతుంది. పల్లెల్లో ఎరువుల కొట్లో కూడా ట్యూబు దొరుకుతుంది. ఈ కాలపు గేర్ల సైకిలు అలా కాదు. అపార్టుమెంటు సెల్లార్లలో పిల్లలు పెద్దయ్యాక వదిలేసిన లావు టైర్ల సైకిళ్లు దుమ్ముపట్టి ఉంటాయి చూడు, ముందు స్ప్రింగులు, ఏడేసి గేర్లు. తక్కువకే ఇస్తారు. అవి నేను కొనను. ఆ స్ప్రింగులు బరువు తప్ప మరేమీ ఇవ్వవు, ఆ గేరు మీట విరిగితే అలాంటిదే మరోటి వెతుక్కోవాలి. పంక్చరంటావా, అది నేనే వేసుకుంటాను. రెండు టైరు లివర్లు, గరుకు కాగితం, సొల్యూషన్ ట్యూబు, ప్యాచీలు, చిన్న పంపు. బేసిన్లో నీళ్లు పోసి ట్యూబు ముంచితే బుడగలు ఎక్కణ్నుంచి వస్తున్నాయో కనిపిస్తుంది. అక్కడ తుడిచి, రుద్ది, సొల్యూషన్ పూసి, అది తడి ఆరేదాకా ఆగి ప్యాచీ నొక్కాలి. తొందరపడి తడి మీద అంటిస్తేనే ఊడుతుంది. టైరు లోపల వేళ్లు తిప్పి ముల్లు తీయడం మరిచిపోకూడదు, అంతే.

బాబాయి: నీకు ఓపిక ఉంది. ఎండలో, ఆఫీసుకి ఆలస్యమవుతుంటే, చేతులకి చెయిన్ నల్ల జిడ్డు అంటుకుని ఉంటే అప్పుడు కూడా ఉంటుందేమో చూడాలి. పోనీ, డబ్బు దగ్గర నాకు ఇంకో ప్రశ్న ఉంది. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీలో ఆడవాళ్లకి టికెట్ లేదు. పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, అన్నిటిలోనూ ఉచితమే. నీ వాదన ఖర్చు తగ్గించుకోవడమే అయితే అసలు ఖర్చే లేని దారి గుమ్మం ముందు ఉండగా 2,500 ఎందుకు?

అమ్మాయి: ఈ ప్రశ్న నన్ను నేనే చాలాసార్లు వేసుకున్నాను. ఉచిత బస్సు వచ్చాక మా ఆఫీసులో ఊడ్చే ఆవిడ చేతిలో నెలకి మిగిలే డబ్బు చూశాక ఆ పథకం మీద ఒక్క మాట కూడా అనలేను. వాన రోజున నేనూ బస్సే ఎక్కుతాను. కానీ బస్సు వెళ్లే దారినే వెళ్తుంది. ఇంటి నుంచి స్టాపుకి, స్టాపు నుంచి ఆఫీసుకి నడక నా లెక్కలోకే వస్తుంది. పొద్దున తొమ్మిదిన్నరకి కాలు పెట్టే చోటుండదు. వచ్చేటప్పుడు అమ్మకి మందులు కొనాలి, రైతు బజారులో దిగి కూరలు తేవాలి. ప్రతి ఆగుడుకీ బస్సు దిగి, మళ్లీ ఇంకో బస్సు కోసం నిలబడాలి. రాత్రి ఎనిమిదిన్నరకి స్టాపులో అరగంట నిలబడటమంటే ఏంటో మగవాళ్లకి చెప్పినా పూర్తిగా తెలియదు బాబాయ్. ఎవరెవరు వచ్చి ఆగుతారో, ఏమడుగుతారో. సైకిలెక్కితే నా దారిన నేను కదిలిపోతాను.

బాబాయి: ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. లేదని చెప్పడానికి నాకు నామోషీ లేదు.

అమ్మాయి: నా వాదనలో సగం అదే. పుదుక్కోట్టై సంగతి నీకు తెలుసు. 1990ల మొదట్లో అక్కడ అక్షరాస్యత ఉద్యమం ఆడవాళ్లకి అక్షరాలతో పాటు సైకిలూ నేర్పింది. కలెక్టరుగా ఉన్న షీలారాణి చుంకత్ దాన్ని ముందుండి నడిపారు. వ్యవసాయ కూలీలు, క్వారీల్లో రాళ్లు కొట్టే ఆడవాళ్లు వేలకి వేలు సైకిలెక్కారు. నీళ్లకి, సంతకి, పుట్టింటికి ఎవరినీ బతిమాలకుండా వెళ్లారు. బిహార్‌లో 2006 నుంచి హైస్కూలు ఆడపిల్లలకి సైకిళ్లు కొనడానికి డబ్బిచ్చారు. కార్తీక్ మురళీధరన్, నిషిత్ ప్రకాశ్ దాని మీద పరిశోధన చేసి, ఆ వయసు ఆడపిల్లలు హైస్కూల్లో చేరడం 30 శాతానికి పైగా పెరిగిందని తేల్చారు. బడి దూరం తగ్గలేదు. చేతికి సైకిలొచ్చింది, అంతే.

బాబాయి: రెండూ గొప్ప సంగతులే. కానీ ఆ రెండింటిలో ఉన్నది నీ దగ్గర లేదు. పుదుక్కోట్టైలో వేలమంది కలిసి ఎక్కారు, వెనక కలెక్టరు నిలబడ్డారు. బిహార్‌లో ఊరి ఆడపిల్లలందరూ గుంపుగా బడికి తొక్కారు, నవ్వేవాళ్ల నోళ్లు వాటంతటవే మూతపడ్డాయి. నువ్వు బందరు రోడ్డు మీద ఒక్కదానివి. ఇంకో సంగతి చెబుతాను. నేను కంకిపాడు నుంచి బెజవాడకి సైకిలు మీదే వచ్చి పనిచేసినవాణ్ని. అది తలుచుకుని మురిసిపోతానని అందరూ అనుకుంటారు. మురిసిపోను. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండలో ఆ రోడ్డు మీద ఎదురుగాలికి తొక్కుతుంటే నోట్లో తడి ఉండేది కాదు. కట్నంలో సైకిలూ వాచీ రేడియో అడిగే రోజుల్లో దానికి పరువుండేది. పంచాయతీకి పన్ను కట్టి బిళ్ల తగిలించుకుంటే అదో హోదా. ఇవాళ ఆ రోడ్డు మీద సైకిలు తొక్కేది ఎవరు? నైట్ డ్యూటీ దిగిన వాచ్‌మన్, తాపీ పనివాడు, ఇంటింటికీ ఇడ్లీలమ్మేవాడు. వాళ్లకి వేరే దారి లేదు. వాళ్ల మీదికి హారన్ ఎలా కొడతారో విన్నావుగా. మనిషిని కాదు, అడ్డాన్ని తప్పించుకున్నట్టు పోతారు. నేను చిన్నప్పుడు పడ్డ ఆ పాట్ల నుంచి ఈ కుటుంబం బయటపడింది. నువ్వు కోరి కోరి అందులోకి వెళ్తున్నావు.

అమ్మాయి: పుచ్చలపల్లి సుందరయ్యగారు పార్లమెంటుకి సైకిలు మీద వెళ్లలేదా? ఆయనకి కారు దొరక్క కాదు.

బాబాయి: వెళ్లారు. ఆయన మీద నాకున్న గౌరవం నీకు తెలుసు. కానీ గేటు దగ్గర ఆయన సైకిలుకి దారిచ్చింది ఆయన ఎవరో తెలిసి. అదే గేటు ముందు పేరులేని కూలీ సైకిలు ఆపితే అదిలించి పంపేవారు. గొప్పవాళ్లు సైకిలెక్కితే అది వాళ్ల నిరాడంబరత. పేదవాళ్లు ఎక్కితే పేదరికం. నిన్ను చూసేవాళ్లు ఈ రెంటిలో ఏది అనుకుంటారో నీ చేతిలో లేదు.

అమ్మాయి: ఏదనుకున్నా నాకు బాధ లేదు. నన్ను వాచ్‌మన్‌తో సమానంగా చూస్తారనే భయంతో సైకిలు మానేస్తే, ఆ చూపు సరైనదేనని నేనూ ఒప్పుకున్నట్టే. నువ్వు బయటపడ్డావు, సంతోషం. ఆ వాచ్‌మన్ ఇంకా ఆ రోడ్డు మీదే ఉన్నాడు. ఆఫీసుకెళ్లే ఆడపిల్లలు పదిమంది అతని పక్కన తొక్కితే ఆ రోడ్డు అతనికి కొంచెమైనా మారుతుంది.

బాబాయి: మారేదాకా? తల్లీ, ఇంతసేపూ చుట్టూ తిరిగాను, ఇప్పుడు అసలు మాట చెబుతాను. ధర, తుప్పు, పరువు, ఇవన్నీ నేను వదిలేయగలను. రోడ్డు సంగతి వదలలేను. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖే చెప్పింది. అందులో సైకిలు మీద ఉన్నవాళ్లు 4,800 దాటారు. వీళ్లెవరూ ఎవరినీ గుద్ది చంపినవాళ్లు కాదు. గుద్ది పారిపోయిన బండి దొరక్కపోతే చనిపోయిన మనిషి ఇంటికి ప్రభుత్వం ఇచ్చే పరిహారం 2 లక్షలు, తీవ్రంగా గాయపడితే 50 వేలు. 2022 ఏప్రిల్ నుంచి పెంచితే అయింది అంత.

అమ్మాయి: అదే లెక్కలో మోటారు సైకిళ్లు, స్కూటర్ల మీద చనిపోయినవాళ్లు 74,000 పైనున్నారు. నాకు స్కూటీ కొనుక్కోమని చెప్పేటప్పుడు ఆ అంకె ఎవరూ ఎత్తరు.

బాబాయి: వాళ్ల బళ్లు ఎక్కువ, తిరిగే దూరం ఎక్కువ, అందుకే చావులూ ఎక్కువ. దాన్నిబట్టి సైకిలు భద్రమని తేలదు.

అమ్మాయి: తేలదు. ఒప్పుకుంటాను. స్కూటీ భద్రమని కూడా తేలదు, అంతవరకే నా మాట.

బాబాయి: అయితే అంకెలు పక్కనపెట్టి రోడ్డు అంచు చూద్దాం. సైకిలు తొక్కేవాడికి మిగిలేది ఎడమ అంచే. అక్కడే ఇసుక పేరుకుంటుంది, అక్కడే మురుగు మూతలు పైకి లేచి ఉంటాయి, అక్కడే ఆటో చెయ్యి కూడా చూపకుండా ఠక్కున ఆగుతుంది. ఆగి ఉన్న కారు తలుపు తెరుచుకునేది అటువైపే. వెనక నుంచి సిటీ బస్సు నిన్ను దాటి, దాటీ దాటగానే స్టాపు కోసం ఎడమకి కోస్తుంది. నువ్వు ఆగాలి. ఆ రోజు వాన పడుతోందనుకో. నువ్వు కొనబోయే ఆ పాత సైకిలుకి నికెల్ మెరుపున్న ఇనప రిమ్ములు, కడ్డీ బ్రేకులు. తడిసిన ఇనుము మీద రబ్బరు పట్టదు. పొడిగా ఉన్నప్పుడు ఆగే దూరానికి రెండింతలు, మూడింతలు జారి వెళ్లాక ఆగుతుంది. మీట మొత్తం హ్యాండిలుకి ఆనేదాకా నొక్కినా చక్రం తిరుగుతూనే ఉంటుంది. నాకది అరచేతులకి గుర్తుంది. బెంజి సర్కిల్ దగ్గర నీ ముందు బస్సు ఆగినప్పుడు ఆ మూడింతల దూరం నీకెక్కడిది?

అమ్మాయి: వాన రోజున తొక్కనని ముందే చెప్పాను. కానీ నడిమధ్యలో వాన మొదలైతే నీ మాట నిజమే. అప్పుడు దిగి నడిపించాలి. ఆ సైకిలుకి తడిలో బ్రేకులు లేవనే అనుకోవాలి. అల్యూమినియం రిమ్ములు వేయించవచ్చు, అవి తడిలో ఇంతకన్నా బాగా పట్టుకుంటాయి. అయితే వాటికి కడ్డీ బ్రేకులు పడవు, తీగ బ్రేకులు పెట్టించాలి, అప్పుడు నా 2,500 లెక్క తప్పుతుంది. ఇది నువ్వు గెలిచిన చోటే.

బాబాయి: గెలుపు కోసం అనలేదమ్మా.

అమ్మాయి: తెలుసు. అందుకే ఇంకా మాట్లాడుతున్నాను. మరీ అంచున తొక్కడం నాకూ ఇష్టం లేదు. తలుపు తెరిచినా తగలనంత ఎడం వదిలి, వెనకవాళ్లకి స్పష్టంగా కనిపించేలా నిటారుగా తొక్కాలి. వెనక ఎర్ర లైటు, క్యారియర్‌కి రిఫ్లెక్టరు, చున్నీ ముడి వేసి, చెయిన్ కవరు, వెనక చక్రానికి వల. చెవిలో ఏదీ పెట్టుకోకూడదు. పైగా బందరు రోడ్డే పట్టుకోవాలని ఎవరన్నారు? లోపలి వీధులున్నాయి, కాలువ గట్టు దారి ఉంది. ఒక కిలోమీటరు ఎక్కువైనా ఫరవాలేదు.

బాబాయి: కాలువ గట్టు పొద్దున బాగుంటుంది. రాత్రి ఎనిమిదిన్నరకి? దీపాలు ఉన్నచోట ఉంటాయి, లేనిచోట లేవు. కుక్కలు వెంటపడతాయి. పెద్ద రోడ్డు మీద లారీ భయం, గట్టు మీద మనుషుల భయం. ఒకదాని నుంచి తప్పించుకోవడానికి ఇంకోదాంట్లోకి వెళ్లమని నేనెలా చెప్పను? హైదరాబాదులో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిలు దారి కట్టారు, 2023 అక్టోబరులో తెరిచారు. పైన సోలార్ పలకలు, రాత్రి లైట్లు. చూసి సంతోషించాను. కానీ అక్కడికి చాలామంది కారు వెనక సైకిలు కట్టుకుని వెళ్తారు, వ్యాయామానికి. పనికెళ్లేవాడు తొక్కే దారి మీద అలాంటిది వేసిన రోజున నేనే నీకు సైకిలు కొనిస్తాను.

అమ్మాయి: ఆ రోజు ఎలా వస్తుంది? కార్పొరేషన్లో రోడ్డు వెడల్పు లెక్కలు వేసేవాళ్లకి కిటికీలోంచి చూస్తే సైకిళ్లు కనిపించాలి కదా. కనిపించేవాళ్లు వాచ్‌మన్, తాపీ మేస్త్రి. వాళ్లు అర్జీ పట్టుకుని వెళ్లరు. వెళ్లగలిగిన మాలాంటివాళ్లం దారి వచ్చాక తొక్కుదామని కూర్చుంటాం.

బాబాయి: అర్జీ పట్టుకుని వెళ్లడానికి సైకిలు తొక్కనక్కర్లేదు. వెళ్లు, నేనూ వస్తాను. సంతకాలు పెట్టిస్తాను. కానీ నీ ఒంటిని ఆ అర్జీకి జతచేయకు. అన్నయ్యకి నేనేం చెప్పుకోను?

అమ్మాయి: నాన్నకి నేనే చెబుతాను. బాబాయ్, భయం నాకూ ఉంది. నీ మాటల్లో నాకు బరువుగా తగిలింది చావుల లెక్క కాదు, తడి బ్రేకులు. ఎందుకంటే అది నాకు తెలియదు. కానీ నువ్వు చెప్పే జాగ్రత్తలన్నీ చివరికి ఒకచోటికే చేరుతున్నాయి. వాన రోజున వద్దు, సరే. బెంజి సర్కిల్ దగ్గర దిగి నడిపించు, సరే. చీకటి పడ్డాక వద్దు అంటావు. చీకటి పడ్డాక తొక్కకపోతే నాకు సైకిలే అక్కర్లేదు. బస్సు స్టాపులో నిలబడలేని గంట అదే. పగలంతా బస్సు నాకు సరిపోతుంది.

బాబాయి: నా అభ్యంతరం కూడా ఆ ఒక్క గంటకే. మిగతా రోజంతా నువ్వు తొక్కుకో, నేను గాలి కొట్టి పెడతాను.

అమ్మాయి: అంటే ఇద్దరం ఒకే గంట దగ్గర ఆగిపోయాం.

బాబాయి: అయితే ఆ గంటకే వెళ్లి చూద్దాం. రేపు రాత్రి ఎనిమిదిన్నరకి ఆఫీసు దగ్గరికి వస్తాను. గవర్నరుపేట నుంచి ఇంటిదాకా నువ్వనే లోపలి దారిలో నడుద్దాం. ఎక్కడ దీపం లేదో, ఎక్కడ లారీలు వెనక్కి తిప్పుతాయో, ఏ మలుపు దగ్గర మనిషన్నవాడు ఉండడో చూద్దాం. చూశాక నువ్వు కొంటానంటే ఆపను. వద్దనడం మాత్రం మాననని ఇప్పుడే చెబుతున్నాను.

అమ్మాయి: నడుద్దాం. దారిలో సైకిలు మీద ఎవరైనా ఎదురైతే వాళ్లనీ ఆపి అడుగుదాం, రోజూ ఆ దారిలో ఏ చోటికి భయపడతారో, వానలో ఎలా ఆపుతారో. మనిద్దరికన్నా వాళ్లకి బాగా తెలుసు.